డబ్బాలో వదిలేసి వచ్చిన బేరింగు

పానా పట్టే పిల్లలకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాయమని మా మెకానిక్కుల సంఘం వాళ్లు అడిగారు. నేను బాగుచేసిన బండ్ల గురించి రాస్తే మీకు నా మీద గౌరవం పెరుగుతుందేమో గాని పని రాదు. అందుకని నా చేతిలో పాడైన ఒక బండి గురించి రాస్తున్నాను. చదివాక తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి. తిట్టే హక్కున్న వాళ్లు తిట్టకుండానే పోయారు.

మాది నకిరేకల్ దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. మా నాయిన అంగడిలో గొర్రెను కొనేటప్పుడు అమ్మేవాడి మాట చెవిన వేసుకునేవాడు కాదు. వెన్ను మీద చెయ్యి వేసి నొక్కి, నోరు తెరిచి పళ్లు చూసి, అంతే. ఎప్పుడో గాని మోసపోయేవాడు కాదు. మా ఊళ్లో బడి లేదు. ఉన్నా నన్ను పంపేవాళ్లు కాదు, మందను ఎవరు తోలాలి? మీసం మొలిచే వయసులో గొర్రెలను వదిలి లారీ ఎక్కాను. కొన్నాళ్లు క్లీనరుగా, ఆ తర్వాత ఒక పెద్ద మేస్త్రి దగ్గర పనివాడిగా గడిచింది. యాభైలు ముగుస్తుండగా మక్తల్ చేరి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. అంత దూరం ఎందుకంటారా, అక్కడ ఇంకో మేస్త్రి లేడు.

చదువు లేకపోవడం నా పనికి అడ్డమని నేనెప్పుడూ అనుకోలేదు. నా పద్ధతి మా నాయిన పద్ధతే. వేలితో చూసేవాణ్ణి, చెవితో వినేవాణ్ణి. నా దగ్గర జానెడున్నర వేపకర్ర ఒకటి ఉండేది. దాని ఒక కొన ఇంజను మీద ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు ఆనించి కళ్లు మూసుకుంటే లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో తెలిసిపోయేది. ఊళ్లో నన్ను చెవుల మేస్త్రి అనేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. అట్లా పెరిగిన ఛాతీ ఏం చేస్తుందో చెప్పడానికే ఇదంతా.

ఆ కారు నల్లటిది, పొడుగు ముక్కుది, తలుపులు ఎడ్లబండి పలకలంత బరువు. స్వాతంత్ర్యానికి పదేళ్ల ముందే పరదేశం నుంచి వచ్చింది. ఒక దొర ఇంటిది. దొరతనం పోయి ఆయన పట్నం వెళ్లిపోతూ, ఆ పాత ఇనుమును వెంట తీసుకుపోవడం దండగ అనుకుని డ్రైవరుకే వదిలేశాడు. డ్రైవరు నాకంటే నాలుగైదేళ్లు చిన్న. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఇంట్లో భార్య, ముసలి తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. గుంటెడు భూమి లేదు. ఆ కారును కిరాయికి తిప్పేవాడు. పెళ్లిళ్లకు పెళ్లికొడుకులను, ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి ముసలివాళ్లను, అన్నిటికంటే ఎక్కువగా మేము పాలమూరు అనే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు రోగులను తీసుకుపోయేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి పానం మీదికి వచ్చినా ముందు ఆ కారు కోసమే మనిషి ఉరికొచ్చేవాడు.

అరవైలు మొదలైన కొత్తలో ఒక రోజు ఆయన కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. వెనక ఎడమ చక్రం గురగురమంటోంది. విప్పి చూస్తే ఇరుసు మీది బేరింగు పుచ్చిపోయి ఉంది.

ఇక్కడ కాస్త పని గురించి చెప్పాలి. ఆ రకం పాత కార్లలో వెనక చక్రం బరువంతా ఇరుసు కొన మీదే పడుతుంది. ఆ ఇరుసును గొట్టంలో పట్టి ఉంచేది ఒక్క బేరింగు, దాని వెనక బిగించిన ఇనుప కడియం. బేరింగు పగిలిందా, ఇరుసుతో సహా చక్రం పక్కకు జరుగుతూ జరుగుతూ బయటికి వచ్చేస్తుంది. మీరు పట్టుకుని ఆపేది ఏమీ ఉండదు. కాబట్టి అక్కడ వేసే బేరింగు విషయంలో దాదాపుగా అనే మాట లేదు.

“ఎన్ని దినాలైతది అన్నా?” అని అడిగాడు డ్రైవరు.

“సామాను దొరకాలె గదా తమ్మీ. ఇది మక్తల్ల దొరకదు, పాలమూర్ల దొరకదు.”

“ఇది నిలవడ్డదంటే నేను మూటలు మొయ్యాలె. ఇంకో పని నాకు రాదు.”

“నిలవడనిస్తనా? నేనున్న గదా” అన్నాను.

ఇద్దరం బస్సెక్కి పట్నం పోయాం. పాత బండ్ల సామాన్లు అమ్మే గల్లీలో గోరింటాకు గడ్డం సేటు ఒకాయన ఉండేవాడు. మా పుచ్చిన బేరింగును చేతిలోకి తీసుకుని తుడిచి, అటూ ఇటూ కొలిచి, లోపలికి పోయి రెండు బేరింగులు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి అట్టడబ్బాలో, నూనె కాగితంలో చుట్టి ఉంది. ఇంకొకటి ఉత్తదే.

“గిది కంపెనీది, కొత్తది. ఇట్లాంటిది ఇంకొకటి లేదు నా తాన. గిదేమో ఫౌజు బండి ఇప్పినప్పుడు ఎల్లింది. కొలత రెండూ ఒక్కటే. మీ ఇష్టం” అన్నాడు.

డబ్బాలోది చిక్కటి పసుపు గ్రీజులో మునిగి ఉంది. వేలికి తగిలించి తిప్పాను. సగం చుట్టు తిరిగి మొండికేసింది. రెండోదాన్ని తిప్పాను. బొంగరంలా తిరిగింది, చప్పుడు లేదు, ఆగదు. దాని ముఖం అద్దంలా నున్నగా ఉంది.

“గిదే కావాలె” అన్నాను.

“అరె మేస్త్రీ, జర ఆగు. తిరిగేదల్లా మంచిదా? లోపట అరిగి జాగా అయ్యింది. గందుకే గట్ల తిరుగుతాంది. డబ్బాల దాంట్ల గ్రీజు గడ్డకట్టింది, గంతే ఫరక్.”

“అయితే కిరోసిన్ల కడిగి సూపియ్యి.”

“కడిగినంక నువ్వు వద్దంటే? కంపెనీ గ్రీజు పోయిన దాన్ని ఎవడు కొంటడు? కడుగుడెందుకు, నంబర్ సూస్కో. మీ పాత దాని మీద ఏ నంబర్ ఉన్నదో గా డబ్బాల దాని మీద గదే ఉన్నది. నున్నగున్న దాని మీద ఏమున్నది? జర సూడు.”

చూశాను. డబ్బాలో దాని అంచు చుట్టూ ఏవో గీతలు చెక్కి ఉన్నాయి. రెండోదాని మీద ఏ గీతా లేదు. నా కంటికి గీతలున్నది గరుకుగా, లేనిది శుభ్రంగా కనిపించింది. నవ్వకండి. అక్షరం రానివాడికి అక్షరం మచ్చలాగే కనిపిస్తుంది.

డ్రైవరు చెయ్యి చాపాడు. దొర ఇంట్లో ఉన్నప్పుడు నాలుగు తరగతులు చదువుకున్న మనిషి, అంకెలు బాగానే వచ్చు. “ఇటు తే అన్నా, నంబర్ నేను సూస్త.”

నేను పిడికిలి మూశాను. “నువ్వు స్టీరింగ్ సూస్కో తమ్మీ. ఇది నా పని.”

సేటు నా పిడికిలి వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. గొంతు తగ్గించి, “సదువు రాకుంటే తప్పు లేదు భాయ్. అడగకపోతేనే తప్పు” అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కాని ఆ మాటతో పని పూర్తిగా చెడిపోయింది. పక్కన డ్రైవరు ఉన్నాడు, వెనక ఇంకో ఇద్దరు గిరాకీలున్నారు. నా చెవులు వేడెక్కాయి. సేటు ఖరీదైనది అంటగట్టాలని చూస్తున్నాడని నాకు నేనే చెప్పుకున్నాను.

“డబ్బాలదే తీస్కుందాం అన్నా. ఖర్సుకు యెనుకాడకు. ఇంట్ల జెప్పే వచ్చిన” అన్నాడు డ్రైవరు.

“గట్లయితే గా సేటుతోనే బిగిపిచ్చుకో పో.”

ఆయన జేబులోంచి పైసలు తీసి ఆ నున్నటిదానికి లెక్కపెట్టి ఇచ్చాడు. సేటు డబ్బా మూసి లోపల పెట్టాడు. తిరుగు బస్సులో డ్రైవరు ఆ నున్నటి బేరింగును తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. “కొత్త కోడల్ని తీస్కపోతున్నట్టు తీస్కపోతున్న అన్నా” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

బిగించడంలో తప్పు చేయలేదు. కమ్మరి కొలిమిలో కడియాన్ని నీలిరంగు వచ్చేదాకా కాల్చి, ఇరుసు మీదికి దించి, నీళ్లు చల్లకుండా దానంతట అదే చల్లారేదాకా కూర్చున్నాను. బేరింగులో నిండా గ్రీజు కూరాను. గ్రీజు నిండా ఉంటే పుచ్చిన బేరింగు కూడా కొన్నాళ్లు మూగగా ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. వేరేవాళ్లు అమ్మే బండ్లలో ఈ మోసాన్ని నేనే ఎన్నోసార్లు పట్టుకున్నాను. నాకు నేనే అదే మోసం చేసుకుంటే పట్టుకునేవాడు లేకపోయాడు. కారు ఊరి చుట్టూ తిరిగొచ్చింది. చప్పుడు లేదు. డ్రైవరు తల్లి నా చేతులు రెండూ కళ్లకద్దుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఆ రోజు షెడ్డు ముందు బల్ల మీద ఇద్దరు లారీ డ్రైవర్లు చాయ తాగుతున్నారు. కారు వచ్చి ఆగింది.

“అన్నా, తప్పుగ అనుకోకు. మూల తిరిగినప్పుడు ఎన్క నుంచి ఎవరో మూలుగుతున్నట్టు అయితాంది” అన్నాడు డ్రైవరు.

“ముసలి బండి మూలుగక ఏంజేస్తది, జోలపాట పాడ్తదా?” అన్నాడు లారీ డ్రైవరు ఒకడు. రెండోవాడు పొలమారేలా నవ్వాడు.

జాకీ పెట్టి చక్రం లేపాను. ఒక చేత్తో చక్రం తిప్పుతూ వేపకర్ర ఆనించి కళ్లు మూసుకున్నాను. వినపడింది. ఇసుక నమిలినట్టు సన్నటి చప్పుడు.

ఈ ఒక్క సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియక జరిగిందని అందరూ అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. తెలియక కాదు. వినపడింది.

కళ్లు తెరిచాను. లారీ డ్రైవర్లు ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. “టైరు చప్పుడు. గాలి తక్కువున్నది. కొట్టిచ్చుకో” అన్నాను.

“టైరు లెక్క అనిపిస్తలేదన్నా నాకు.”

“చెవుల మేస్త్రివి నువ్వా, నేనా?”

మళ్లీ నవ్వులు. డ్రైవరు కూడా నవ్వాడు, తలూపాడు, కారెక్కి పోయాడు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా నేనేమంటానో ఆయనకు తెలుసు.

నా లోపల ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఆదివారం ఒక్కణ్ణే పట్నం పోయి ఆ డబ్బాలోది తెచ్చి, గ్రీజు మార్చాలని చెప్పి కారు పిలిపించి, ఎవరికీ తెలియకుండా మార్చేస్తాను. మంచి ఏర్పాటే. కాని అవి పల్లికాయ దిగుబడి రోజులు. లారీలు వరసకట్టాయి. ఆ ఆదివారం పోయింది, ఇంకో ఆదివారం పోయింది. కారు రోడ్డు మీద పోతూ హారను కొట్టినప్పుడల్లా చెయ్యి ఊపేవాణ్ణి. ఊపినప్పుడల్లా వచ్చే ఆదివారం అనుకునేవాణ్ణి.

ఆ వేళ పొద్దు నడినెత్తికి రాకముందే పాలమూరు వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి షెడ్డు ముందు ఆగింది. లారీ నడిపేవాడు కిందికి దిగకుండానే అరిచాడు.

“మేస్త్రీ, నీ దోస్తు కారు మరికల్ అవతల రోడ్డు మీదనే కూలవడ్డది. ఎన్క చక్రం ఊడి బయటికొచ్చింది.”

“దెబ్బలు తాకినయా ఎవరికన్న?”

“దెబ్బల్లేవు. లోపట నొప్పులు వడే ఆడామె ఉండె. ఎడ్లబండి మీద ఏసుకొని దేవరకద్ర దిక్కు పోయిండ్రు.”

పనిముట్ల సంచి తీసుకుని అటువైపు పోయే లారీ పట్టుకున్నాను. దారి పొడుగునా నేను ఆ ఆడామె గురించి ఆలోచించానని రాస్తే బాగుంటుంది. ఆలోచించలేదు. ఆ బేరింగును ఎవరైనా చూశారా అని ఆలోచించాను.

కారు వెనకభాగం నేల మీద కూర్చుని ఉంది. చక్రం, దాంతోపాటు మూరెడు ఇరుసు బయటికి వచ్చి వాలిపోయి ఉన్నాయి. బేరింగు లోపలి గుండ్లను పట్టి ఉంచే రేకు తునకలై, గుండ్లు రోడ్డు మీద దుమ్ములో చెదిరిపోయాయి. డ్రైవరు ముందు చక్రానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. అంగీ నిండా మట్టి.

ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. మక్తల్ పక్క పల్లె. మొదటి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు పడుతుంటే మంత్రసాని చేతులెత్తేసి దవాఖానకు పొమ్మంది. భర్త, అత్త వెంట ఎక్కారు. మరికల్ దాటాక వెనక పెద్ద చప్పుడైంది, కారు ఒక పక్కకు ఒరిగింది, ఎట్లాగో రోడ్డు దిగకుండా ఆపాడు. పొద్దుటి బస్సు అప్పటికే పోయింది. ఒక్క బండీ రాలేదు. చేన్లల్లో పడి ఉరికి, దున్నుతున్న ఎడ్లను విప్పించి, బండి కట్టించి తెచ్చాడు. ఆమెను ఎత్తి బండిలో పడుకోబెట్టాక తనూ ఎక్కబోతే, భర్త నెట్టేసి “నువ్వు రావొద్దు” అన్నాడట.

“బతికి బట్టకడ్తే సాలు అన్నా. బండి సంగతి తర్వాత” అన్నాడు.

నేను వంగి గుండ్లు ఏరడం మొదలుపెట్టాను. గుండ్లు, రేకు తునకలు, పగిలిన బేరింగు ముక్కలు అన్నీ ఏరి సంచి అడుగున వేసి పైన గుడ్డ కప్పాను. తలెత్తి చూస్తే డ్రైవరు నన్నే చూస్తున్నాడు.

అప్పుడే దేవరకద్ర వైపు నుంచి ఎడ్లబండి కనిపించింది. దవాఖానకు పోయిన బండి అంత తొందరగా తిరిగి రాదు. ఇద్దరం లేచి నిలబడ్డాం. బండి మెల్లగా వస్తోంది, తోలేవాడు ఎడ్లను అదిలించడం లేదు. దగ్గరికి వచ్చాక చూస్తే ఆమె ముఖం మీదుగా చీర కొంగు కప్పి ఉంది. బిడ్డ భూమ్మీద పడనే లేదు. భర్త బండి వెనక నడుస్తున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. అత్త బండిలోంచే డ్రైవరును చూసింది.

“నీ బండిని నమ్మి ఎక్కిచ్చినం గదరా కొడుకా” అంది.

తిట్టలేదు, శపించలేదు. ఆ ఒక్క మాట అని కోడలి పాదాల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. బండి మక్తల్ వైపు పోయింది.

తర్వాత పోలీసు జమేదారు సైకిలు మీద వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, “ఎట్లయింది?” అని అడిగాడు. నేను సంచిని కాలి వెనక్కి జరిపాను.

“జోరు మీద వోతున్న సార్. ఆమె నొప్పులకు ఒర్రుతుండె, నాకు తొందరయింది. రాయి మీద ఎక్కిచ్చిన. ఇరుసు ఇరిగింది” అన్నాడు డ్రైవరు.

జమేదారు నా వైపు తిరిగాడు. “నువ్వు మేస్త్రివి గదా. బండిల ఏమన్న ఖరాబున్నదా?”

“లేదు సార్. నేనే సూసిన మొన్ననే. బండి మంచిగుండె” అన్నాను.

అడక్కుండానే రెండో మాట కూడా అన్నాను చూడండి. భయపడ్డవాడు ఒక్క అబద్ధంతో ఆగడు.

జమేదారు పోయాక డ్రైవరు దగ్గరికి పోయాను. “ఎందుకట్ల జెప్పినవ్ తమ్మీ?”

“నిజం జెప్తే ఏమైతది? ఆమె లేసొస్తదా? నా బండి ఎట్లాగూ పాయె. నీ షెడ్డు గూడ పోతే గీ దిక్కు బండ్లు సూసెటోడు ఎవడు? నీకు నలుగురు పిల్లలు.”

“నేను రేపే పట్నం వోయి డబ్బాలది తెస్త. నా చేత్తోనే బాగుచేస్త. మళ్ల కొత్త దాని లెక్క నడుస్తది.”

“ఎవరెక్కుతరన్నా?” అన్నాడు.

అయినా పోయాను. గోరింటాకు గడ్డం సేటు నన్ను గుర్తుపట్టాడు. డబ్బా ఇంకా ఆ అరలోనే ఉంది. “మొన్నటిది ఎట్లున్నది మేస్త్రీ?” అని అడిగితే, “మంచిగున్నది, ఇది ఇంకో బండికి” అన్నాను. షెడ్డుకు తెచ్చి కిరోసిన్‌లో కడిగాను. పసుపు గ్రీజు కరిగి పోయాక వేలికి తగిలించి తిప్పితే మెత్తగా, నిబ్బరంగా తిరిగింది. పక్కకు ఊపితే వెంట్రుకంత కూడా కదలలేదు. ఆ నున్నటి దాన్ని ఆనాడు తిప్పి మురిసిపోవడానికి బదులు ఒక్కసారి పక్కకు ఊపి చూసినా అరుగుదల దొరికిపోయేది. దానికి చదువు అక్కరలేదు. మీరు బేరింగు కొనేటప్పుడు ముందు నంబరు చూడండి, తర్వాత ఊపి చూడండి. ముఖం నున్నగా సానబట్టి ఉంటే ఎంత బాగా తిరిగినా అక్కడే పెట్టి రండి. నంబరు తెలియకపోతే తెలిసినవాణ్ణి అడగండి. పదిమంది ముందు అడగండి.

కారు బాగైంది. ఎవరూ ఎక్కలేదు. డ్రైవరు కోర్టులోనూ అదే మాట చెప్పాడు. లైసెన్సు పోయింది. కొన్ని నెలలు లోపల ఉండి వచ్చాడు. ఆ లోపే ఆయన తల్లి పోయింది. కారు వేరేవాళ్లకు అమ్ముదామంటే మనిషిని తిన్న బండి అని ఎవరూ రాలేదు. చివరికి పట్నం నుంచి ఇనుప సామాన్లవాడు వచ్చి ముక్కలుగా కోసి లారీలో వేసుకుపోయాడు. కొత్త బేరింగు దాంతోనే పోయింది. నేను జీవితంలో బిగించిన వాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు.

డ్రైవరు పల్లికాయ మిల్లులో మూటలు మోయడానికి కుదిరాడు. మిల్లు నా షెడ్డుకు ఎదురుగానే. రోజూ కనిపించేవాడు. రోజూ పలకరించేవాడు. “తిన్నవా అన్నా?” అనేవాడు. ఆ రెండు మాటలకు జవాబు చెప్పడం నాకు ఏ ఇంజను విప్పడం కంటే కష్టంగా ఉండేది. జనం ఆయన్ను చూసి దారి తప్పుకునేవాళ్లు. పిల్లలు కూడా ఏదో అనేవాళ్లు. నేను ఒక్కసారి షెడ్డు ముందు నిలబడి గట్టిగా అరిచి చెప్తే అయిపోయేది. ఎన్నో ఉదయాలు ఆ మాట నోటిదాకా తెచ్చుకుని, గిరాకీ రాగానే మింగేశాను.

ఆ మరుసటి ఏడు పక్క సైకిలు దుకాణం పెద్దమనిషి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ముందు అంకెలు, ఆ తర్వాత మన అక్షరాలు, ఆఖరికి పరాయి అక్షరాలు. నలభైకి దగ్గర పడ్డ మనిషిని పలక పట్టుకుంటే గిరాకీలు నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను. చదవడం వచ్చిన తర్వాత ఒక రోజు సంచి అడుగున దాచిన ఆ పగిలిన ముక్కలను తీసి, ఎండలో పెట్టి, ఒక్కొక్కటి తుడిచి చూశాను. చదవడానికి వాటి మీద ఏమీ లేదు. ఎవడో సానరాయి మీద అంతా అరగదీశాడు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను.

ఆమె పోయిన మూడో ఏట ఒక యువకుడు ఎడ్లబండి మీద ఆయిలింజను వేసుకుని నా షెడ్డుకు వచ్చాడు. బావి మీద కొత్తగా పెట్టించుకున్నాడట, ఆగి ఆగి నడుస్తోందట. బండి దిగేదాకా గుర్తుపట్టలేదు. ఆ రోజు ఎడ్లబండి వెనక నడిచిన మనిషి.

“పాలమూరోళ్లు ఇద్దరు సూసిండ్రు మేస్త్రీ, తేలలే. నువ్వు చెవి పెడితే తెలుస్తదని మా ఊళ్లె అందరన్నరు” అన్నాడు.

కర్ర ఆనించి విన్నాను. డీజిలు పోయే సన్నటి గొట్టంలో చెత్త అడ్డుపడింది. విప్పి, ఊది, బిగించాను. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎదురు హోటలుకు ఉరికి, తన చేత్తోనే చాయ గ్లాసు తెచ్చి నాకిచ్చాడు.

అదే వేళకు మిల్లు గేటులోంచి డ్రైవరు వీపు మీద మూటతో బయటికి వచ్చాడు. ఆ యువకుడు చూశాడు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

“వాడే, మేస్త్రీ. నా ఇంటిదాన్ని తిన్నోడు. నీ అసొంటోడు బాగుచేసి ఇచ్చిన బండిని గూడ సక్కగ నడపరాలేదు వానికి.”

డ్రైవరుకు వినపడింది. మూట కింద నుంచి తల కొద్దిగా ఎత్తి నా వైపు చూశాడు. కోపం లేదు. నేను ఏం చేస్తానో చూద్దామన్నట్టు కూడా లేదు, చూసేశాడన్నట్టు ఉంది. మూటను సర్దుకుని లారీ వైపు పోయాడు.

“సల్లారుతాంది మేస్త్రీ, తాగు” అన్నాడు ఆ యువకుడు.

తాగాను.